స్వభావం ఎంతవరకు ఒంట్లో ఉంది?

రెండు కొసలా దూది ఉన్న ఇయర్‌బడ్ ఒకటి తీసుకుని, సరిగ్గా దాని మధ్యలో దారం కట్టి వేలాడదీయండి. అటూ ఇటూ ఒరగకుండా అడ్డంగా నిలవాలి. ఇప్పుడు ఒక కొసను నాలుక మీద ఇరవై సెకన్లు ఉంచి తీయండి. తర్వాత నాలుక మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేసుకుని, అది మింగేశాక రెండో కొసను అంతసేపే ఉంచండి. మళ్లీ దారంతో వేలాడదీస్తే, నిమ్మపులుపుకు ఊరిన లాలాజలం బరువుకి రెండో కొస కిందికి వాలుతుంది. అది ఎంత వాలిందో చూసి మీరు నలుగురిలో కలిసిపోయే మనిషా, మీ లోకంలో మీరుండే మనిషా చెప్పొచ్చని 1960లలో బ్రిటన్‌లోని కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అన్నారు. బాగా వాలితే అంతర్ముఖులు, అంతగా వాలకపోతే బహిర్ముఖులు.

తిరునాళ్లలో గారడీలా ఉంది కదా! కానీ దీని వెనక ఉన్న ఆలోచన గారడీ కాదు. దాన్ని నిలబెట్టిన మనిషి హాన్స్ ఐసెంక్. 1916లో బెర్లిన్‌లో పుట్టి, నాజీలు అధికారంలోకి వచ్చాక 1934లో దేశం వదిలి, లండన్‌లో స్థిరపడ్డాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మిల్ హిల్ ఆసుపత్రిలో మానసికంగా దెబ్బతిన్న సైనికుల రికార్డులు తిరగేస్తూ, మనుషుల స్వభావంలోని తేడాలన్నీ ప్రధానంగా రెండు కొలతల్లోకి ఒదుగుతాయని ప్రతిపాదించాడు. ఒకటి బహిర్ముఖత్వం. రెండోది న్యూరాటిసిజం, అంటే చిన్నదానికీ కలత పడే, దిగులుపడే, చిరాకుపడే గుణం. ఆ రెండు గీతల్నీ అడ్డంగా, నిలువుగా గీసి చూపిస్తే ప్రాచీన గ్రీకు వైద్యులు చెప్పిన నాలుగు స్వభావాలూ నాలుగు గదుల్లో కూర్చున్నాయి. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని వాళ్లు లెక్కవేసిన ఆ రసాలకు మన వాత, పిత్త, కఫాలు దూరపు చుట్టాలే. స్వభావానికి మూలం ఒంట్లోని పదార్థంలో ఉందన్న ఊహ రెండు చోట్లా ఒకటే.

ఐసెంక్ రసాల్ని వదిలి మెదడు దగ్గరికి వెళ్లాడు. మెదడు కాండంలో ఒక నాడీజాలం ఉంది, దాన్ని రెటిక్యులర్ యాక్టివేటింగ్ సిస్టమ్ అంటారు. పై మెదడును మేల్కొలిపి ఉంచడం దాని పని. 1967లో వచ్చిన తన పుస్తకంలో ఆయన చెప్పింది ఇదీ: అంతర్ముఖుల్లో ఈ జాలం మామూలుగానే ఎక్కువ చురుగ్గా ఉంటుంది, కాబట్టి వాళ్ల మెదడు ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉత్తేజంతో ఉంటుంది. పెళ్లిపందిట్లో బ్యాండు మోత మొదలవగానే వాళ్లకు చాలనిపిస్తుంది, పక్కగదిలోకి వెళ్లిపోతారు. బహిర్ముఖుల మెదడు మామూలుగా కాస్త మందకొడిగా ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే వాళ్లు సందడిని, మనుషుల్ని, కొత్త పనుల్ని వెతుక్కుంటూ పోతారు. మామూలుగా మనం అనుకునేదానికి ఇది తలకిందులు. గలగలా మాట్లాడేవాడి మెదడు ఉరకలు వేస్తోందని అనుకుంటాం, ఐసెంక్ లెక్కలో వాడి మెదడు నిద్రమత్తులో ఉంది.

ఈ సిద్ధాంతంలో నాకు నచ్చేది ఇదే: తప్పని తేలే అవకాశం దీనికి ఉంది. నిమ్మరసం పెట్టి చూడొచ్చు, మత్తుమందు ఎవరికి ఎక్కువ పడుతుందో చూడొచ్చు, కాఫీ ఇచ్చి లెక్కలు చేయించొచ్చు. చేసి చూశారు కూడా. కొన్ని సరిపోయాయి, కొన్ని సరిపోలేదు. 1980లో అమెరికాలో విలియం రెవెల్, ఆయన సహచరులు కాఫీలోని కెఫీన్‌తో చేసిన ప్రయోగాలు పెద్ద చిక్కు తెచ్చిపెట్టాయి. ఆవేశంగా, వెనకాముందూ చూడకుండా పనిలోకి దూకే మనుషులకు పొద్దున పూట కెఫీన్ మేలు చేసింది, సాయంత్రం అదే కెఫీన్ చెరుపు చేసింది. నెమ్మదస్తుల్లో ఇదంతా తిరగబడింది. అంటే మెదడు ఉత్తేజం మనిషికొక స్థిరమైన అంకె కాదు, రోజులో గంటగంటకూ మారే లయ. ఇద్దరి మధ్య తేడా ఆ లయ ఎప్పుడు ఎగసి ఎప్పుడు దిగుతుందన్న దగ్గర ఉండొచ్చు. ఒక్క మీటతో స్వభావాన్ని వివరించాలన్న ప్రయత్నానికి తగిలిన తొలి దెబ్బల్లో ఇది ఒకటి. తర్వాత ఇలాంటివి ఇంకా చాలా తగిలాయి.

ముందు పేర్లు, తర్వాత కారణాలు

ఇక్కడ కాస్త ఆగి, అసలు దేనికి కారణం వెతుకుతున్నామో చూసుకోవాలి. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని, మనిషిని మనిషి నుంచి వేరుచేసి చెప్పే పదాలన్నీ ఏరారు. దాదాపు 18,000 తేలాయి. వాటిని కుదించి, జల్లెడ పట్టి, వేలమందితో తమకు తామే మార్కులు వేయించి, ఏ గుణం ఉన్నచోట ఏ గుణం కూడా ఉంటోందో లెక్కకట్టే పని తర్వాత కొన్ని దశాబ్దాలు సాగింది. చివరికి ఐదు గుంపులు తేలాయి. బహిర్ముఖత్వం, న్యూరాటిసిజం ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు సౌమ్యత, పనిలో క్రమబద్ధత, కొత్తదనం మీద మక్కువ. దీన్నే ‘బిగ్ ఫైవ్’ అంటారు.

ఇవి మనుషుల రకాలు కావు, కొలతలు. ఎత్తులో పొడుగువాళ్లు, పొట్టివాళ్లు అని రెండే జాతులు లేనట్టే ఇందులోనూ లేవు, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. ఆఫీసుల్లో శిక్షణ పేరిట నాలుగు అక్షరాల ముద్ర వేసి ‘మీరు ఈ పదహారింట్లో ఫలానా రకం’ అని చెప్పే పరీక్షలు పరిశోధకుల్ని పెద్దగా మెప్పించకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. పోనీ ఈ ఐదూ మానవజాతి అంతటికీ ఒకటేనా అంటే, అదీ తేలలేదు. బొలీవియా లోతట్టు అడవుల్లో వేటాడుకుంటూ, పంట పండించుకుంటూ బతికే చిమానే ప్రజల్లో 632 మందిని ప్రశ్నించిన 2013 నాటి అధ్యయనంలో ఈ ఐదు గుంపులు కనిపించలేదు. నలుగురికి సాయపడే తత్వం, కష్టపడే తత్వం అని రెండే పెద్దవి అక్కడ తేలాయి. చదువుకుని పట్నాల్లో ఉండేవాళ్లను చూసి గీసిన పటం అన్ని చోట్లకూ పనికొస్తుందనుకోవడానికి లేదు.

ఇంకో చిక్కు. ఆయన నలుగురిలో ఎందుకు కలవడు? అంతర్ముఖుడు గనక. అంతర్ముఖుడని ఎలా తెలుసు? నలుగురిలో కలవడు గనక. గానుగెద్దు తిరుగుడు ఇది. పేరు పెట్టడం కారణం చెప్పడం కాదు. ఈ గుండ్రం నుంచి బయటపడాలంటే ప్రశ్నపత్రానికి అవతల, ఒంట్లో కొలవగలిగింది ఏదో దొరకాలి. శాస్త్రవేత్తలు శరీరం వైపు అంత పట్టుదలగా చూడటానికి ఇదే కారణం.

ఐసెంక్ శిష్యుడే జెఫ్రీ గ్రే. గురువు గీతల్ని 1970లో వంకరగా తిప్పేశాడు. ఎలుకల మీద ప్రయోగాలు చేసిన మనిషి కాబట్టి, మెదడు అడిగే ప్రశ్న ‘ఎంత మేలుకుని ఉన్నాను’ అన్నది కాదనీ, ‘ముందుకు పోవాలా, ఆగాలా’ అన్నదనీ వాదించాడు. ఆయన లెక్కలో మెదడులో ఒక వ్యవస్థ లాభం వాసన పసిగట్టి ముందుకు తోస్తుంది. ఇంకోటి ప్రమాదం సూచనలు చూసి కాలు ఆపుతుంది. మొదటిది ఎక్కువ చురుగ్గా ఉన్నవాడు ఆశపడి దూకుతాడు, రెండోది ఎక్కువ చురుగ్గా ఉన్నవాడు ఆలోచించి, భయపడి, వాయిదా వేస్తాడు. ఆందోళన తగ్గించే మందులు, మద్యం ఎలుకల్లో ఆ రెండో వ్యవస్థను మందగింపజేస్తాయి. రెండు పెగ్గులు పడ్డాక పెళ్లి బరాత్‌లో డాన్సు చేసే పెద్దమనుషుల్ని చూసినవాళ్లకు దీన్ని ఎక్కువ వివరించక్కర్లేదు. లాభం వైపు తోసే వ్యవస్థకు డోపమైన్ అనే రసాయనంతో గట్టి సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలు చూపాయి. బహిర్ముఖత్వం అంటే మనుషుల మీద ఇష్టం కన్నా ముందు, దొరకబోయే ఆనందానికి త్వరగా స్పందించే గుణమని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు.

నాలుగు నెలల పసివాళ్లు

ఎలుకల్ని, ప్రశ్నపత్రాల్ని నమ్మనివాళ్లు కూడా హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ చేసిన పనిని తోసిపుచ్చలేరు. నాలుగు నెలల పిల్లల్ని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి, రంగురంగుల బొమ్మలు ముందు ఆడించి, కొత్త గొంతులు వినిపించి, కొత్త వాసనలు చూపించారు. సుమారు ఇరవై శాతం మంది కాళ్లూ చేతులూ కొట్టుకుని, నడుము విల్లులా వంచి, ఏడుపు లంకించుకున్నారు. నలభై శాతం మంది చలించకుండా చూస్తూ ఉన్నారు. మిగతావాళ్లు మధ్యస్థం. నాలుగు నెలల పిల్లకు పెంపకం ఎంత నేర్పి ఉంటుంది? ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటాడి చూస్తే, ఏడ్చిన గుంపులోని పిల్లలు పెద్దవుతున్నకొద్దీ కొత్తవాళ్ల దగ్గర బిగుసుకుపోవడం ఎక్కువగా కనిపించింది.

2003లో కేగన్ బృందమే ఇంకో సంగతి చెప్పింది. రెండేళ్ల వయసులో బెరుకు పిల్లలుగా నమోదై, అప్పటికి ఇరవయ్యో పడిలో ఉన్నవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి కొత్త ముఖాల ఫొటోలు చూపిస్తే, మెదడులో భయాన్ని, కొత్తదనాన్ని పసిగట్టే ఎమిగ్డలా అనే బాదంగింజంత భాగం మిగతావాళ్లకన్నా ఎక్కువగా స్పందించింది. పాల్గొన్నది 22 మందే, కాబట్టి దీని మీదే భవనం కట్టకూడదు. అయినా కేగన్ పనిలో అసలు విలువైనది నా దృష్టిలో ఇంకోటి. అంతగా ఏడ్చిన పసివాళ్లలో ఎక్కువమంది విపరీతమైన బిడియస్తులుగా తేలలేదు, మామూలు పిల్లలయ్యారు. అయితే వాళ్లలో జంకూ గొంకూ లేని దూకుడు పిల్లలుగా మారినవాళ్లు బహు తక్కువ. అంటే పుట్టుక గమ్యాన్ని చెప్పలేదు, కొన్ని దారుల్ని మాత్రం కష్టం చేసింది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అని మన పెద్దలు అన్నదానికి, ‘పెంపకంలోనే ఉందంతా’ అని మన ఆంటీలు అనేదానికి మధ్యలో నిలబడుతుంది ఈ ఫలితం.

నలభై శాతం అంటే ఏమిటి, ఏమి కాదు

ఇక అందరూ ఉటంకించేది, అందరూ పొరపడేది కవలల లెక్క. సమరూప కవలలు జన్యువులన్నీ పంచుకుంటారు, మామూలు కవలలు అన్నదమ్ముల్లా సగటున సగం. ఇద్దరికీ ఇల్లు ఒకటే, వయసు ఒకటే. స్వభావ పరీక్షల్లో సమరూప కవలల మార్కులు మామూలు కవలల మార్కులకన్నా ఎంత ఎక్కువ దగ్గరగా ఉన్నాయో చూస్తే, జన్యువుల వాటా అంచనా కట్టొచ్చు. ప్రపంచంలో 50 ఏళ్లపాటు జరిగిన కవలల అధ్యయనాలన్నిటినీ, అంటే 1.45 కోట్ల జంటల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2015లో లెక్కగడితే, అన్ని రకాల లక్షణాలకూ కలిపి సగటున 49 శాతం వచ్చింది. అదే ఏడాది స్వభావ లక్షణాలకే పరిమితమైన మరో సంకలనంలో సుమారు 40 శాతం తేలింది. అందులోనే ఒక మెలిక ఉంది. కవలల అధ్యయనాలు విడిగా 47 శాతం చెబితే, దత్తత పిల్లల్నీ కుటుంబాల్నీ చూసిన అధ్యయనాలు 22 శాతమే చెప్పాయి. పద్ధతి మారితే అంకె సగానికి పడిపోయింది. పత్రికల్లో ఈ రెండో అంకె దాదాపు ఎప్పుడూ కనిపించదు.

ఆ నలభై శాతం మీలోనూ నాలోనూ ఉన్న నలభై శాతం కాదు. ‘నా కోపంలో నలభై పైసలు నాన్నది, అరవై పైసలు నాది’ అనడానికి వీల్లేదు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యు తేడాలతో ముడిపడి ఉందో చెప్పే అంకె అది. చేతికి ఐదు వేళ్లుండటం నూటికి నూరుపాళ్లూ జన్యువుల పనే. కానీ వేళ్ల సంఖ్యలో తేడా ఎవరి దగ్గర కనిపిస్తుంది? ఎక్కువగా మిషన్లలో చెయ్యి పడ్డవాళ్ల దగ్గర. కాబట్టి వేళ్ల సంఖ్యకు ఈ అంకె చాలా తక్కువగా వస్తుంది. జన్యువులే గీసిన అంశానికి ‘జన్యు వాటా’ సున్నాకు దగ్గర. ఇది అర్థమైతే మిగతాది తేలిక.

ఇంకా విచిత్రం, పరిసరాలు మారితే ఈ అంకె కూడా మారుతుంది. ఇంటర్ పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీలో పెట్టి, అందరికీ ఒకే తిండి, ఒకే నిద్ర, ఒకే స్టడీ అవర్లు పెడితే, పరిసరాల తేడా చెరిగిపోతుంది. మిగిలిన తేడాల్లో జన్యువుల వాటా పెరుగుతుంది, అక్కడ ఎవరి జన్యువూ మారకపోయినా. ఒక దేశంలో కొలిచిన అంకెను ఇంకో దేశానికి మోసుకుపోవడం ఎందుకు ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బూషార్డ్ 1979 నుంచి పుట్టగానే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల్ని వెతికి పట్టుకుని పరీక్షించాడు. అందులో ‘జిమ్ కవలలు’ లోకప్రసిద్ధులు. ముప్పై తొమ్మిదేళ్లకు కలుసుకుంటే, ఇద్దరి మొదటి భార్యల పేరూ లిండా, రెండో భార్యల పేరూ బెట్టీ. ఈ కథ చెప్పనివాళ్లు లేరు. లిండా అన్న అమ్మాయిని వెతుక్కునే జన్యువు ఉంటుందా ఎక్కడైనా! ఒకే రాష్ట్రంలో ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు అపరిచితుల్ని కూర్చోబెట్టి వెయ్యి ప్రశ్నలు అడిగితే, నోరు తెరిచేంత కాకతాళీయాలు కొన్ని దొరుకుతాయి. బూషార్డ్ బృందం కనుగొన్న అసలు సంగతి ఈ కథల కింద మరుగున పడింది. విడిగా పెరిగిన సమరూప కవలలు స్వభావంలో ఒకే ఇంట్లో పెరిగిన సమరూప కవలలంత దగ్గరగానూ ఉన్నారు. అంటే ఒక ఇంట్లో, ఒక అమ్మానాన్నల దగ్గర పెరగడం వల్ల ఇద్దరి స్వభావాలూ పెద్దగా దగ్గరకు రాలేదు.

తల్లిదండ్రులకు ఇది మింగుడుపడని మాట. దీన్ని ‘పెంపకం దండగ’ అని చదివినవాళ్లూ ఉన్నారు. అలా చదవకూడదు. పెంపకం పిల్లల్ని ఒకేలా చేయదని మాత్రమే ఈ లెక్క చెబుతోంది. అదే తండ్రి కసురుకి పెద్దవాడు నోరు మూసుకుంటాడు, చిన్నవాడు ఎదురు తిరుగుతాడు. తండ్రి ప్రభావం ఇద్దరి మీదా పడింది, లెక్కలో మాత్రం ఉమ్మడి ప్రభావంగా కనబడదు. పైగా ఈ అధ్యయనాల్లోని ఇళ్లు ఎక్కువగా ఓ మోస్తరు మంచి ఇళ్లే. కొట్టే, పస్తులుంచే ఇళ్లు అందులోకి రావడం అరుదు.

ఒక్క జన్యువు వేట

వాటా ఉందని తేలాక, ఆ జన్యువులు ఏవో పట్టుకోవాలిగా. 1996 జనవరిలో రెండు బృందాలు డీఆర్‌డీ4 అనే డోపమైన్ జన్యువుకూ కొత్తదనం కోసం తహతహలాడే గుణానికీ లంకె ఉందని ప్రకటించాయి. అదే ఏడాది చివర్లో సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని వెనక్కి తోడే జన్యువుకూ ఆందోళనకూ లంకె పెడుతూ, 505 మందిని చూసిన మరో వ్యాసం వచ్చింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. ‘సాహస జన్యువు’, ‘చింతల జన్యువు’ అని శీర్షికలు. తర్వాత ఇరవై ఏళ్లలో ఆ జన్యువుల మీద వందల వ్యాసాలు అచ్చయ్యాయి, ఎందరికో ఉద్యోగాలు, డాక్టరేట్లు వచ్చాయి. 2019లో ఒక బృందం, కుంగుబాటుతో ముడిపెట్టిన జన్యువుల్లో బాగా పేరుమోసిన పద్దెనిమిదింటిని తీసుకుని లక్షలమంది సమాచారంతో సరిచూసింది. వాటికీ, కళ్లు మూసుకుని ఎంచిన వేరే జన్యువులకూ తేడా కనబడలేదు. సెరటోనిన్ జన్యువూ ఆ పద్దెనిమిదిలో ఒకటి.

మోసం ఎవరూ చేయలేదు. చిన్న గుంపుల్లో యాదృచ్ఛికంగా కనిపించిన తేడాలు అచ్చయ్యాయి, కనిపించని చోట్ల ఫలితాలు సొరుగుల్లో ఉండిపోయాయి. అంతే.

అసలు బొమ్మ పెద్ద గుంపుల్ని చూశాకే బయటపడింది. 2018లో 4,49,484 మంది జన్యు సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనం న్యూరాటిసిజంతో ముడిపడ్డ 136 చోట్లను జన్యుపటంలో గుర్తించింది. ఒక్కో చోటు ప్రభావం లెక్కలోకి రానంత చిన్నది. వేల చోట్ల నుంచి వచ్చే ఇసుమంత ఇసుమంత తోపులు కలిస్తేనే ఒక ధోరణి ఏర్పడుతుంది. అలా డీఎన్ఏలోంచి నేరుగా లెక్కగట్టిన వాటా పది శాతం చుట్టూ తిరుగుతోంది. కవలల లెక్క చెప్పే నలభై ఏడుకీ దీనికీ మధ్య ఉన్న ఖాళీ అరుదైన జన్యు మార్పుల్లో దాగుందా, కవలల లెక్కే కాస్త ఉబ్బిందా అన్న వాదన సాగుతూనే ఉంది. పైగా ఇలాంటి భారీ అధ్యయనాల్లో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్లు. ఆ చోట్లన్నిటినీ కలిపి ఒక్కో మనిషికి వేసే జన్యు స్కోరు మన దగ్గర అంత బాగా పనిచేయదు.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నం జరిగింది, అదీ హైదరాబాద్‌లో. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2015లో ఆయుర్వేదం చెప్పే ప్రకృతులకు జన్యు ఆధారం వెతికారు. వేలమందిని పరీక్షించి, వాత, పిత్త, కఫాల్లో ఒకటి స్పష్టంగా పైచేయిగా ఉన్న 262 మంది పురుషుల్ని ఎంచుకుని వాళ్ల జన్యువులు చూశారు. 52 చోట్ల తేడాలు కనిపించాయని, పీజీఎం1 అనే జన్యువు పిత్త ప్రకృతితో ముడిపడి ఉందని రాశారు. మనవాళ్లు మన ప్రశ్న అడగడం నాకు ఇష్టమే. అయితే పైన చెప్పిన కథంతా చదివాక 262 అన్న అంకె దగ్గర ఆగకుండా ఉండలేం. ఆ తేడాలు యాదృచ్ఛికం కావనడానికి పెట్టుకున్న హద్దు కూడా, జన్యుపటం మొత్తాన్ని గాలించే అధ్యయనాలు మామూలుగా పెట్టుకునే హద్దుకన్నా మెత్తనిది. అది ముగింపు కాదు, పెద్ద గుంపులో తిరిగి సరిచూడవలసిన సూచన. పైగా ప్రకృతి అంటే ప్రధానంగా దేహతత్వం, అరుగుదల, ఆకలి వగైరా. అందులోంచి కోపిష్ఠితనానికి ఒక్క గంతులో వెళ్లకూడదు.

మెదడు స్కాన్లదీ ఇదే వరస. 2010లో 116 మంది మెదళ్లను చూసి, ఐదు గుణాల్లో నాలుగింటికి ఫలానా భాగం పరిమాణంతో సంబంధం ఉందన్నారు. 2020లో వెయ్యికి పైగా మందిని చూసినవాళ్లకు అలాంటిదేమీ పెద్దగా దొరకలేదు. మెదడు ఆకారం, పనితీరులకూ మనిషి మానసిక లక్షణాలకూ బంధాలు ఉన్నా చాలా సన్ననివనీ, నమ్మదగ్గట్టు పట్టుకోవాలంటే వేలమంది కావాలనీ 2022లో ఇంకో పెద్ద విశ్లేషణ తేల్చింది.

నక్కలు, పిట్టలు

మరైతే ఒంట్లో ఏమీ లేదా? ఉంది, కాదనలేని విధంగా ఉంది. అది చూడాలంటే సైబీరియా వెళ్లాలి. జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమని ముద్రవేసి సోవియట్ ప్రభుత్వం దాన్ని అణచివేసిన కాలం. ఆ శాస్త్రం నమ్మినందుకు అన్నను పోగొట్టుకున్న ద్మిత్రీ బెల్యాయెవ్, 1959లో నోవొసిబిర్స్క్‌లో బొచ్చు కోసం పెంచే వెండినక్కల మీద పని మొదలుపెట్టాడు. ప్రతి తరంలో మనిషిని చూసి అతి తక్కువ భయపడే కొద్ది నక్కల్నే ఎంచి, వాటిని మాత్రమే కలిపించారు. శిక్షణ లేదు, మచ్చిక చేయడం లేదు. నాలుగో తరంలోనే మనిషిని చూసి తోకూపిన పిల్లలు పుట్టాయి. ఆరో తరంలో చేతులు నాకేవి వచ్చాయి. ఇంకో వరసలో కసిగా మీదపడే నక్కల్ని ఎంచి పెంచారు. ఆ కసి నక్కల పిండాల్ని సాధు నక్కల గర్భంలో పెట్టినా, పుట్టిన పిల్లలు కసిగానే పెరిగాయి. తల్లి పెంపకం ఆ గుణాన్ని మార్చలేదు. బెల్యాయెవ్ 1985లో పోయాక లుద్మిలా త్రూత్ ఆ పనిని దశాబ్దాలపాటు నడిపింది.

ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే ముక్క ఒకటుంది. ఆ నక్కలు అడవివి కావు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఫారాల్లో పెంచుతూ వచ్చిన నక్కల సంతతి. అప్పటికే కొంత మచ్చికపడ్డ జాతి. మార్పు అంత వేగంగా ఎందుకు కనిపించిందో ఇది కొంత చెబుతుంది. స్వభావం సంతతికి దిగుతుందన్న మూల ఫలితం మాత్రం చెక్కుచెదరదు.

దిగేటట్టయితే, కొన్ని వేల తరాల్లో ప్రకృతి అందర్నీ ఒకే ‘మంచి స్వభావం’ దగ్గరికి తేవాలి కదా? పిరికివాళ్లూ తెగించేవాళ్లూ ఇంకా ఎందుకున్నారు? దీనికి చక్కని జవాబు నెదర్లాండ్స్‌లో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల దగ్గర దొరికింది. కొత్త గదిలో వదిలితే కొన్ని పిట్టలు చకచకా మూలమూలలూ తిరుగుతాయి, కొన్ని ఒకచోట కూర్చుని నెమ్మదిగా కదులుతాయి. ఈ తేడా కూడా సంతతికి దిగేదే. నీల్స్ డింగెమాన్సే బృందం ఏడాదికేడాది ఏ పిట్టలు బతికి బయటపడ్డాయో లెక్కపెట్టింది. ఆ పిట్టలు తినే గింజలు కాసే బీచ్ అనే అడవి చెట్లు బాగా కాసిన ఏడు ఒక రకం నెగ్గింది, కాయని ఏడు ఇంకో రకం. ఆడ పిట్టల్లో ఏ రకం నెగ్గితే మగ పిట్టల్లో దానికి వ్యతిరేకం నెగ్గింది. ఏ స్వభావం మేలన్నది ఆ ఏటి కాపు తేలుస్తోంది. కాబట్టి ప్రకృతి దేన్నీ పూర్తిగా తుడిచిపెట్టదు. ఈ మొత్తం రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఫలితం ఇదే. బిడియస్తుణ్ని ‘బాగుచేయాల్సిన సరుకు’గా చూసే మన అలవాటుకి ఇంతకన్నా మర్యాదైన జవాబు ఉండదు.

స్వభావం మారదా అంటే మారుతుంది, కాకపోతే నత్తనడకన. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య సగటు మనిషిలో క్రమబద్ధత పెరుగుతుంది, కలత తగ్గుతుంది. మానసిక చికిత్సలు, మందుల మీద జరిగిన 207 అధ్యయనాల్ని 2017లో కలిపి చూస్తే, సగటున ఆరునెలల లోపు చికిత్సతోనే న్యూరాటిసిజం చెప్పుకోదగ్గంత తగ్గింది. సంతతికి దిగే గుణం మార్చలేని గుణమని ఎక్కడా రాసి లేదు. కంటిచూపు లోపం సంతతికి దిగుతుంది, కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కనబడతాయి.

ఐసెంక్ సంగతి సగంలో వదిలాను. 1980లలో ఆయన ఒక జర్మన్ పరిశోధకుడితో కలిసి, కొన్ని స్వభావాలవాళ్లకు కాన్సర్ వచ్చి చనిపోయే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువనీ, మాటలతో చేసే చికిత్సతో దాన్ని తప్పించవచ్చనీ వ్యాసాలు రాశాడు. ఆ అంకెలు నమ్మశక్యం కానంత పెద్దవి. సాటి పరిశోధకులు అప్పుడే అనుమానపడ్డారు. ఆయన 1997లో చనిపోయాడు. 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ ఆ ఇద్దరూ కలిసి రాసిన 26 రచనలు నమ్మదగినవి కావని తేల్చింది. సిగరెట్ కంపెనీల సొమ్ము ఆ పరిశోధనకు అందిందన్న సంగతి అప్పటికే బయటపడి ఉంది. స్వభావాన్ని శరీరంతో ముడిపెట్టడంలో మనిషికి ఉండే ఆత్రం ఎంత దూరం తీసుకుపోగలదో, ఆ రంగానికి పునాది వేసినవాడి కథలోనే ఉంది.

ఆ ఆత్రానికి ఇప్పుడు మన ఊళ్లలో గిరాకీ కూడా ఉంది. డీఎంఐటీ పేరుతో పిల్లల పదివేళ్ల ముద్రలూ స్కానర్ మీద తీసుకుని, ‘మీ అబ్బాయి స్వభావం ఇది, ఇంజినీరింగ్ వద్దు, డిజైన్‌లో చేర్పించండి’ అని రంగురంగుల రిపోర్టు చేతిలో పెట్టేవాళ్లు ఆంధ్ర, తెలంగాణ పట్నాల్లోనూ ఉన్నారు. వేలిగీతలు కడుపులో ఉండగా ఐదారు నెలలకే ఏర్పడిపోతాయి, వాటి ఆకారంలో జన్యువుల పాత్ర ఉంటుంది, అంతవరకు నిజం. ఆ గీతల్లోంచి బహిర్ముఖత్వాన్నో, క్రమబద్ధతనో చదవొచ్చని చూపిన నమ్మదగ్గ పరిశోధన లేదు. నాలుగున్నర లక్షల మంది డీఎన్ఏ చదివి తయారుచేసిన స్కోరు సైతం ఒక మనిషికీ ఇంకో మనిషికీ న్యూరాటిసిజంలో ఉన్న తేడాలో కొద్ది శాతాన్నే పట్టుకోగలుగుతోంది. ఆ అబ్బాయి పక్క బెంచీలో రెండేళ్లు కూర్చున్న స్నేహితుడికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చి నింపమంటే అంతకన్నా ఎక్కువే తెలుస్తుంది, అదీ ఉచితంగా.